విజయనగరం వచ్చేదాకా

ప్రశ్న అడిగేశాడు జగన్నాధం. ఇక చేయవలసింది నోరు మూసుకోవడం ఒక్కటే. "రెండు గిన్నెలూ అందరి చేతులూ తిరిగొచ్చాయి, కళ్ళు మూసుకునే పట్టి చూశారు, ఇప్పుడు చెప్పండి, వీటిలో వంశధార ఇసుక ఏది, సముద్రపు ఇసుక ఏది? ఎలా పోల్చుకుంటారు?" అని అడిగి, బల్ల మీది రెండు స్టీలు గిన్నెల వెనక, తూకానికి నిలబెట్టిన బస్తాలా కదలకుండా నిలబడ్డాడు. ఎదురుగా ఎమ్మెస్సీ భూగర్భశాస్త్రం మొదటి సంవత్సరం, పందొమ్మిది మంది. చివరి బెంచీలో ఇరవయ్యో మనిషి దేవి. ఆమె ఈ తరగతి విద్యార్థిని కాదు, అతని శాఖలోనే పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం పక్కన సెల్‌ఫోనులో సెకన్లు లెక్కపెట్టే గడియారం. ఆ గడియారం ఈపాటికి నడవడం మొదలుపెట్టి ఉంటుంది. కోటబొమ్మాళి, అనుకున్నాడు జగన్నాధం మనసులో, అక్షరానికి అక్షరం ఎడంగా పెట్టి. మొదటి స్టేషను.

స్టేషన్ల లెక్క అతని సొంత కల్పన. విశ్వవిద్యాలయంలో ఈ ఏడాదే తెరిచిన బోధనా శిక్షణ కేంద్రంలో, పాఠాలు చెప్పేవాళ్ళకు పాఠం చెప్పడం నేర్పే ఆ రెండు గదుల చోటులో, రేఖ అనే శిక్షకురాలు, అతనికన్నా పదిహేనేళ్ళు చిన్నది, విజయనగరం మనిషి, మొదటి వారమే అందరికీ చెప్పింది: ప్రశ్న అడిగాక పది లెక్కపెట్టండి, పది అయ్యేదాకా ఏమీ అనకండి, గొంతు కూడా సవరించుకోకండి. వినడానికి ఎంత తేలిక! ఇంట్లో మేడ మీద గదిలో తలుపు వేసుకుని అభ్యాసం చేస్తే తెలిసింది, అంకెలు అతని నాలుక మీద గులకరాళ్ళలా దొర్లిపోతాయని. ఒకటి నుంచి పది దాకా రెండంటే రెండు సెకన్లు. అప్పుడు గుర్తొచ్చింది డిగ్రీ రోజుల్లో మూడేళ్ళపాటు రోజూ ఎక్కిన ప్యాసింజరు బండి. దాన్ని తొందరపెట్టగలిగినవాడు పుట్టలేదు. కోటబొమ్మాళి, తిలారు, ఊర్లాం, ఆమదాలవలస, దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల. చిన్న హాల్టులు వదిలేస్తే సరిగ్గా పది. ఆ పైన విజయనగరం. ఒక్కో పేరు దగ్గర బండి ఆగాలి, వేరుశెనక్కాయల ముసలమ్మ దిగాలి, పాల క్యాన్లు ఎక్కాలి, గార్డు పచ్చజెండా ఊపాలి. విజయనగరం వచ్చేదాకా నోరు మెదపకూడదు. అదీ ఒప్పందం, తనకూ తన నాలుకకూ మధ్య.

తిలారు. పంకా తిరుగుతోంది, మూడో రెక్క దగ్గర టక్కుమంటోంది, ఇన్నేళ్ళుగా ఇదే గదిలో పాఠం చెబుతూ ఆ చప్పుడు ఇవాళే విన్నాడు. కొండబాబు అనే కుర్రవాడు పెన్ను మూత కొరుకుతున్నాడు. మిగిలినవాళ్ళందరి ముఖాల్లోనూ ఒకటే ఓర్పు, వర్షం వెలిసేదాకా చూరు కింద నిలబడ్డవాళ్ళ ఓర్పు. సార్ ఇప్పుడు చెప్పేస్తారు, రాసుకుందాం అన్న నమ్మకం. పెన్నులు కూడా తెరిచి పట్టుకున్నారు. ఆ నమ్మకాన్ని వాళ్ళకు నేర్పింది ఎవరు? దానికి జవాబు దేవి రాసిన మొదటి కాగితంలోనే ఉంది. కేంద్రం పద్ధతి ప్రకారం ఒక అధ్యాపకుడూ ఒక పరిశోధక విద్యార్థీ జంట. ఒకరి తరగతిలో ఒకరు కూర్చోవాలి, చూసింది మాత్రమే రాయాలి, బాగుంది, బాగాలేదు అన్న మాటలు రాయకూడదు. అలా ఆమె వచ్చి కూర్చున్న నాటి సాయంత్రం కాగితం అతని చేతికిచ్చింది. ప్రశ్నలు: ముప్ఫై ఒకటి. జవాబులు: ముప్ఫై ఒకటి. జవాబు చెప్పినవారు: సార్. మధ్యలో ఆగిన సమయం: సుమారు ఒక సెకను, రెండుచోట్ల అంతకన్నా తక్కువ. 10.41కి కిటికీలోంచి మేక తొంగిచూసింది. సార్ నవ్వారు. పిల్లలు నవ్వారు. 10.42కి పాఠం కొనసాగింది. ఆ కాగితాన్ని జగన్నాధం నాలుగుసార్లు చదివాడు. తప్పుపట్టడానికి ఒక్క అక్షరదోషమైనా దొరకలేదు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో తన తరగతిలో అందరూ కలిసి నవ్విన నిమిషం ఒక మేక వల్ల వచ్చిందన్న సంగతి మాత్రం, ఎంత దాచుకుందామన్నా, రాత్రి భోజనాల దగ్గర నవ్వుగా బయటపడింది.

"ఏటండీ, మీలో మీరే నవ్వుకుంతన్నారు?" అని అడిగింది కుసుమకుమారి, అతని భార్య, చెప్పాక ఆమె కూడా కంచం ముందు పొలమారేలా నవ్వి, "ఇంటికాడ రోజుకి పది మాటలు. మిగిలినవన్నీ కట్టకట్టి ఆ పిల్లల నెత్తిన పోసొస్తన్నారన్నమాట!" అంది. అందులో అబద్ధం లేదు. పుస్తకాల మధ్య అతనికి మౌనం నీళ్ళలో చేపకున్నంత సుఖం. తరగతిలో అదే మౌనం ఒడ్డున పడ్డ చేపకున్నంత కష్టం. ఎందుకలాగ? ఊర్లాం. బండి ఊర్లాం రాకముందు వంశధార వంతెన ఎక్కుతుంది, ఎక్కగానే మాటలు వినబడవు, పెట్టెలో అందరూ ఒక్కసారి కిటికీల్లోంచి నీళ్ళ వైపు చూస్తారు. అక్కడ మౌనం ఎవరికీ బరువు కాదు, నది అందరి తరఫునా మాట్లాడుతుంది. ఆ నది ఇసుకే, ఇదిగో, ఎడమ గిన్నెలో. కాదు, కుడి గిన్నెలోనేమో.

ఇక్కడే వచ్చింది చిక్కు. రెండు ఇసుకలనూ తెచ్చింది దేవి. వాళ్ళది కళింగపట్నం, నది సముద్రంలో కలిసే చోటు. సముద్రం ఒడ్డున ఒక సంచెడు, నది పక్కన ఒక సంచెడు తీసి, ఉప్పు పోయేలా ప్రయోగశాల పద్ధతిలో కడిగి, ఆరబెట్టి, చీటీలు అంటించి ఇచ్చింది. చీటీల విషయంలో జగన్నాధమంతటి నియమం గలవాడు ఆ శాఖలో లేడు. అతని ఇంట్లో పప్పు డబ్బాల మీద కూడా తేదీలుంటాయి. అయితే ఇవాళ పొద్దున బయలుదేరబోతుంటే కుసుమకుమారి సంచి తెచ్చి, "ఇసక కారిపోతన్నాది, మీ పుస్తకాలన్నీ నాశనమైపోతాయి, అందుకే గిన్నెల్లోకి మార్చీసేను" అంది. ఒకే సెట్టులోవి, మూతలతో సహా కవల పిల్లల్లాంటి గిన్నెలు. చీటీలు? "ఆ సినిగిపోయిన సంచులకేనా? చెత్తబుట్టలో పడీసేను." ఫరవాలేదు అనుకున్నాడు బస్సులో. గిన్నెల్లో చెయ్యి పెడితే తెలిసిపోదూ! నది ఇసుక గరుకు, అంచులు తేలి ఉంటుంది. సముద్రపు ఇసుక అలల్లో ఒరిసి ఒరిసి గుండ్రబడి, నునుపు తేలి ఉంటుంది. ఇది అతను ఏటా చెప్పే జవాబు, పసుపెక్కిన నోట్సులో పదిహేడో పుట, అడుగున ఎర్రగీత. ఇందాక గిన్నెలు తిరిగొచ్చాక, పిల్లలు చూడకుండా, తనూ రెండింటిలోనూ వేళ్ళు ముంచాడు. ఎడమది ఇసుకలా ఉంది. కుడిది కూడా ఇసుకలాగే ఉంది. మళ్ళీ ముంచాడు. గరుకూ లేదు, నునుపూ లేదు, రెండు గిన్నెల్లోనూ ఒకే ఇసుక పోసినట్టుంది. ఇరవై నాలుగేళ్ళుగా చెబుతున్న జవాబును ఒక్కసారైనా చేత్తో పట్టుకోలేదన్న సంగతి అప్పుడు తట్టింది జగన్నాధానికి. సిగ్గు వేయవలసిన చోట అతనికి వింతగా చిన్నప్పటి ఉత్సాహం వేసింది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పేద్దామన్నా తన దగ్గర లేదు!

ఆమదాలవలస. ఇక్కడ బండి చాలాసేపు ఆగుతుంది. అందుకే కాబోలు చొక్కా జేబులోని కాగితం ఇక్కడ గుర్తొచ్చింది. నాలుగు మడతల ఉత్తరం, రేఖ గారికి. ఇరవై నాలుగేళ్ళ బోధనానుభవం దృష్ట్యా నన్ను ఈ శిక్షణ నుంచి మినహాయించవలసిందిగా మనవి. ముత్యాల కోవలాంటి దస్తూరీ. మేక కాగితం వచ్చిన మర్నాడు రాశాడు, రెండు వారాలుగా జేబు మారుస్తూ మోస్తున్నాడు. ఇవాళ్టి తరగతి తీర్పు అనుకున్నాడు: తనకన్నా ముందు ఒక్క విద్యార్థైనా నోరు తెరిస్తే ఉత్తరం చింపేయాలి, తానే ముందు తెరిస్తే పదకొండు గంటలకు వెళ్ళి ఇచ్చేయాలి. అంతే, సులువైన పందెం. అయితే పందెంలో ఇంకొకరి పేరు కూడా ఉందని నిన్న సాయంత్రం దాకా తట్టలేదు. దేవి గుమ్మంలో నిలబడి, "సోమవారం నా మొదటి తరగతి సార్. మీరే వచ్చి కూకోవాలి. జంటలో ఒకరు మానేస్తే రెండోవారికి తరగతి ఇవ్వరంట కదా, మా జట్టులో ఒకమ్మాయికి అలాగే అయిపోయింది పాపం. మీరున్నారు కాబట్టి నాకు దిగుల్లేదు" అని చెప్పి, దిగుల్లేనిదానిలాగే వెళ్ళిపోయింది. ఉత్తరం ఆ క్షణంలో జేబులో ఇటుకంత బరువెక్కింది. ఆ మాటకొస్తే నోరు మూసుకునే విద్యకు చేపల వేలంపాటను పోలిక చెప్పింది కూడా ఆమే. ఆమె తల్లి గురమ్మ కళింగపట్నం ఒడ్డున పడవలు రాగానే పాట పెడుతుంది. "మాయమ్మ దగ్గరికి పంపాలి సార్ మిమ్మల్ని, శిక్షణకి. ధర సెప్పీసి నోరు మూసీసుకుంటాది. సముద్రం కేసి సూస్తాది, జుట్టు ముడేసుకుంటాది, ఎవరో పిలిసినట్టు ఎనక్కి తిరుగుతాది. ఇవతలోడికి ఉడుకు. ముందు నోరు తెరిసినోడే ఓడిపోయినట్టు. మాయమ్మ ఇంతవరకూ ఓడిపోలేదు." జగన్నాధం సముద్రం కోసం చూశాడు. నల్లబల్ల ఉంది. ముడి వేసుకోవడానికి అతనికి జుట్టు కూడా అంతగా లేదు.

దూసి. దూసి దగ్గర నాగావళి. రెండు నదుల మధ్య ఎంత దూరం, ఎన్ని ఆలోచనలు! ఈ బండిలోనే వెళ్ళేవాడు నారాయణమూర్తి మాష్టారి తరగతికి, విజయనగరం డిగ్రీ కాలేజీలో. ధవళ వస్త్రాలు, గంభీరమైన కంఠం, నోట్సు చెబితే కామాలు కూడా వినబడేవి. ఆయనొక రోజు, ఎందుకో, రివాజు తప్పి, కిటికీ అవతలి కొండల వైపు చెయ్యి చూపించి అడిగారు: మన ఈ కొండలు ఎందుకు ఎర్రగా ఉంటాయి? జగన్నాధానికి తెలుసు. పుస్తకంలో చదివి కాదు. పన్నెండేళ్ళప్పుడు ఊరి అవతలి గుట్ట మీద రాయి చిట్లగొడితే దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి రాళ్ళు రాలాయి, నెల్లాళ్ళు లాగు జేబులో పోసుకు తిరిగాడు. వానలో నానిన చోటల్లా ఆ గింజల చుట్టూ తుప్పులాంటి మరక పాకి ఉండేది. ఇనుము, మాష్టారూ, రాతిలోనే ఇనుముంది, అదే తుప్పు పడుతోంది! మాట గొంతు దాకా వచ్చింది, చేతులు బెంచీ మీద ఆన్చాడు, మోకాళ్ళు సగం లేచాయి. "రాతిలోని ఇనుము తుప్పు పట్టడం వల్ల" అన్నారు మాష్టారు, "రాసుకోండి." సగం లేచిన మోకాళ్ళు మళ్ళీ కూర్చున్నాయి. ఎవరూ చూడలేదు. మాష్టారిలో కోపం లేదు, తక్కువ చూపు లేదు, ఆయనకు ఒక్క సెకను ఎక్కువ ఆగే అలవాటు లేదు, అంతే. దేవి లాంటి అమ్మాయి ఆ రోజు చివరి బెంచీలో ఉండి ఉంటే రాసేది: 11.20కి ఒక విద్యార్థి సగం లేచాడు. 11.20కి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ తరవాత ఆ మోకాళ్ళు ఇవాళ ఉన్నట్టుండి గుర్తుకు వచ్చాయి. వాటితోపాటు ఒక లెక్క కూడా, తరగతికి ముప్ఫై ఒక ప్రశ్నల చొప్పున ఇరవై నాలుగేళ్ళు, ఎన్ని మోకాళ్ళు! వద్దు, లెక్క వద్దు. లెక్క అంటే గుర్తొచ్చింది, బండి ఎక్కడుంది? పొందూరు అయిందా? సిగడామా? జారిపోయింది. నియమం గలవాడు కనక మళ్ళీ పొందూరు నుంచి మొదలుపెట్టాడు.

"ఎడం గిన్నె సముద్రం సార్" అన్నాడు కొండబాబు, పెన్ను మూత నోట్లోంచి తీసి.

జగన్నాధం నోరు దానంతటది తెరుచుకోబోయింది. పందెం గెలిచాడు, ఉత్తరం చింపేయవచ్చు, శభాష్ అనవచ్చు, ఎందుకు అని అడగవచ్చు. కానీ రేఖ చెప్పిన రెండో మాట పళ్ళ మధ్య అడ్డం పడింది: మొదటి జవాబు దగ్గరే ఆగిపోకండి. అంటే, అతని లెక్కలో, అది స్టేషను కాదు, సిగ్నలు మాత్రమే. అతను కొండబాబు వైపు చూసి తల ఆడించాడు, తరవాత మిగిలినవాళ్ళందరి వైపూ చూశాడు. అంతే.

"ఎందుకురా?" అని అడిగింది మూడో బెంచీలోంచి దుర్గ. ఈ దుర్గ గొంతు జగన్నాధం హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎప్పుడూ వినలేదు.

"ఎందుకూ నేదు. రెండు గిన్నెలే కదా, సగానికి సగం సాన్సు."

తరగతి గొల్లుమంది. మేక లేకుండానే. ఆ నవ్వు గోడలకు తగిలి తిరిగొచ్చి తన మీద పడుతుంటే జగన్నాధం దాన్ని ఆపలేదు, "సైలెన్స్" అనలేదు; నోరు తెరవకూడదన్న నియమం నవ్వుకు వర్తిస్తుందా అని ఒక్క క్షణం సందేహించి, పెదవులు మూసుకునే నవ్వాడు. నవ్వు తగ్గింది. తగ్గాక వచ్చిన నిశ్శబ్దం మొదటిదానిలా లేదు. చూరు కింద నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వానలోకి చెయ్యి చాపి చూస్తున్నట్టుంది. ఎవరో ముందు వరసలో లేచి వచ్చి, అడక్కుండానే గిన్నెలో చెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య నలిపి, పక్కవాడి అరచేతిలో పోశారు. ఎవరో ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చీపురుపల్లి. పెన్నులన్నీ బల్లల మీద పడి ఉన్నాయి. గరివిడి.

అప్పుడు చూశాడు. దుర్గ రెండు చేతులూ బెంచీ మీద ఆన్చింది. మోకాళ్ళు సగం లేచాయి. లేచి, అక్కడే ఆగిపోయాయి. లేద్దామా వద్దా అన్నట్టు అతని ముఖంలోకి చూసింది. ఈ సగం నుంచి కిందికి ఎలా దిగుతారో అతనికి తెలుసు. పైకి ఎలా లేస్తారో తెలీదు. గరివిడి, గరివిడి, గరివిడి; గార్డు జెండా ఊపుతున్నా బండిని కదలనివ్వలేదు.

లేచింది. "ఇది ఏ నెల్లో తీసిన ఇసక సార్?"

"ఏటే దుర్గా, ఇసక్కి కూడా నెలేటి?" అన్నాడు కొండబాబు.

"నీకేటి తెలుసురా, మీది కొండకాడి ఊరు. మా పొలం వంశధార సముద్రంలో కలిసే కాడే ఉన్నాది సార్. వరదొచ్చినప్పుడు నది తన ఇసకంతా తెచ్చి సముద్రం ఒడ్డునే పోసీస్తాది. ఎండాకాలం నీరు తగ్గిపోతే సముద్రం తన ఇసకని నదిలోకి తోసీస్తాది. మా నాన్న కాలితో తొక్కి సెప్పీగలడు, ఈ ఏడాది ఎవరిది పైసెయ్యో." అంతసేపు మాట్లాడినందుకు తానే ఆశ్చర్యపోయినట్టు ఒక్క క్షణం ఆగి, పూర్తి చేసింది. "కిందటి నెల వరద తరవాత తీసుంటే రెండు గిన్నెల్లోదీ ఒకటే ఇసక సార్. రెండూ వంశధారవే. మరింక పోల్చడానికేటుంది?"

పదిహేడో పుట ఎర్రగీత మీద నీళ్ళు పారినట్టయింది జగన్నాధానికి. చల్లగా ఉంది. మాట పోకముందే పట్టుకోవాలి అనిపించింది. నోట్సు తేలేదు, బల్ల మీద కాగితం లేదు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, తిరగేసి, తెల్లగా ఉన్న వైపు రాసుకున్నాడు: ఏ నెలలో తీసిన ఇసుక? దుర్గ. రాశాక గమనించాడు అది ఏ కాగితమో. తప్పు లేని దస్తూరీ అటువైపు, దుర్గ మాట ఇటువైపు. ఇక దీన్ని ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. దాచుకోవాలి.

"నాకు తెలీదమ్మా" అన్నాడు, అంతసేపటికి నోరు తెరిచి. ఆ మాట ఈ గదిలో అనడం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో! "తీసింది నేను కాదు. దేవీ, ఇసుక ఎప్పుడు తీశావు?"

అందరూ వెనక్కి తిరిగారు. దేవి పెదవుల మీద వేలు పెట్టుకుంది. "పరిశీలకులు మాటాడకూడదు సార్."

"తల్లి పోలికే."

దేవి ఆపుకోలేకపోయింది. "వరద దిగిన మూడో నాడు సార్!" అని అరిచినంత పని చేసి, చప్పున నోరు మూసుకుంది, గది మళ్ళీ గొల్లుమంది, దుర్గ ఎర్రబడి కూర్చుంది, కొండబాబు, "అయితే నేను సెప్పింది సగం తప్పేనండీ, సగం కరెక్టే" అన్నాడు. ఆ గందరగోళంలో దేవి ఫోను ఎత్తి అతనికి చూపించింది. అంత దూరాన అంకె ఎంతో అతని కళ్ళకు అందలేదు. రెండంకెలన్నది మాత్రం కనిపించింది. సోమవారం తానూ ఇలాగే చివరి బెంచీలో కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఆమె తన మొదటి ప్రశ్న అడిగి నోరు మూసుకున్నప్పుడు, ఆ గడియారం నొక్కుతాడు. చూసింది మాత్రమే రాస్తాడు. సగం లేచిన మోకాళ్ళు ఉంటే తప్పకుండా రాస్తాడు.

ఇంకా పావుగంట ఉంది. నోట్సు లేదు, జవాబు లేదు, రెండు గిన్నెల్లో ఒకటే ఇసుక ఉంది. జగన్నాధం గుప్పెడు తీసుకుని వేళ్ళ సందుల్లోంచి నెమ్మదిగా జారవిడుస్తూ, "అయితే, వచ్చే ఎండాకాలం మనందరం అక్కడికే వెళ్ళి తీస్తే, అప్పుడు రెండు గిన్నెల్లోనూ ఏముంటుంది?" అని అడిగాడు.

అడిగి, నోరు మూసుకున్నాడు. కోటబొమ్మాళి.